లేదనుటకు ముందు వెదకవలెను

(మన సంఘ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ సభలయందు సాధారణముగా పాఠశాలలను గూర్చియు, పాఠ్యపుస్తకములను గూర్చియు, పిల్లల మాతృభాషా బోధనను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. నేడు కార్యవర్గమువారు మమ్ము కంప్యూటరును గూర్చి మాటలాడుమని కోరినారు. లినక్స్ అను వ్యవస్థయందు మనకు కావలసిన సాఫ్ట్‌వేరును వెదకి తెచ్చుకొనుట యెట్లు అనునది మా కీయబడిన విషయము. ఇది పడుచువారి సంగతి గదా, పెద్దలకు దీనితో పనియేమి అని కొందరు తలపవచ్చును. ఇందు మన తెలుగు సంగతి యున్నది గనుకనే ఈ వేదికమీద దీనిని గూర్చి చెప్పుటకు సాహసించుచున్నాము.

మొదట జరిగినది విన్నవించెదము. మన పఠన మందిరమునకు ఒక సభ్యుడు తాను వాడి విడిచిన కంప్యూటరు నొకదానిని దానము చేసిన సంగతి మీరెరుగుదురు. అందు డెబియన్ అను లినక్స్ ఉండెను. దానిలో తెలుగు కాగితమేది తెరచినను అక్షరములకు బదులు చిన్న చిన్న గళ్ళు వరుసగా కనబడుచుండెను. మరమ్మతునకు వచ్చినతడు చూచి, ఇందులో తెలుగు రాదు, వేరొకటి కొనుడని చెప్పి పోయెను. మేమును నమ్మితిమి. మూడు నెలలపాటు మన సమావేశముల ఆహ్వానములను తెలుగు మాటలతోనే, ఇంగ్లీషు అక్షరములతో అచ్చుతీసి పంపితిమి. ఒక వృద్ధ సభ్యురాలు ఆ కాగితమును మనవనిచేత తిప్పి పంపి, "నాయనా, నాకు కన్నడమూ చదవను వస్తుంది, తెలుగూ చదవను వస్తుంది. ఇదేం బాష?" అని యడిగించినది. మాకు సిగ్గు కలిగినది.

ఆ పిమ్మట మన సభ్యులలో ఒకరి మనుమరాలు, కన్నడ మాధ్యమమున చదివి ఇప్పుడు కాలేజీలో నున్న బాలిక, మందిరమునకు వచ్చి ఆ యంత్రము ముందు కూర్చుండెను. ఒక్క పంక్తి కొట్టెను. తెరమీద తెలుగునకు సంబంధించిన వస్తువుల జాబితా నిలిచెను. "తాతా, ఉంది కదా! ఎవరూ వెదకలేదంతే" అనెను. పావుగంటలో గళ్ళు పోయి అక్షరములు వచ్చినవి. చంకలో బిడ్డ నుంచుకొని ఊరెల్ల వెదకినట్లు అని మనవారు చెప్పు సామెత కలదు. మేము ఆ మాత్రమైనను వెదకలేదు. బిడ్డయే లేదని కూర్చుంటిమి.

ఆ బాలిక కొట్టిన పంక్తి ఎట్టిదో, అది ఎట్లు పనిచేయునో ఇప్పుడు చెప్పెదము.

లినక్స్ అనునది 1991 లో ఫిన్లాండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ఆరంభించినది. దానిని ఆధారము చేసికొని పెక్కు సంపుటములు వెలువడినవి. వానిలో డెబియన్ ఒకటి. 1993 లో ఇయాన్ మర్డాక్ దానికి పునాది వేసెను. నేటికిని లోకమందలి స్వచ్ఛంద సేవకులే దానిని నడుపుచున్నారు. దానిలోని ప్రతి సాధనమును ఒక పొట్లముగా కట్టి, పైన పేరును, లోపల నేమున్నదో తెలుపు వివరణను వ్రాసి, ఒక భాండారమున నుంచుదురు. ఈ పొట్లమునకే ప్యాకేజి అని పేరు. 2023 లో వెలువడిన డెబియన్ 12 వ విడుదలలో 64,000 కు మించిన ప్యాకేజీలు కలవు. వీనికి వెల లేదు. కాని యిన్ని వేల పొట్లములలో మనకు కావలసినది ఏదో తెలియుట యెట్లు? గ్రంథాలయమున పుస్తకముల పట్టిక యుండునట్లు, ఇచ్చట భాండారమునకొక సూచిక యుండును. ఆ సూచికను చదివి, వెదకి, పొట్లమును తెచ్చి, విప్పి, అమర్చి పెట్టు గుమాస్తాయే ప్యాకేజి మేనేజరు.

డెబియన్‌లో ఆ గుమాస్తా పేరు ఆప్ట్. ఇంగ్లీషున ఏ, పి, టి అను మూడు అక్షరములు. 1999 లో వెలువడిన విడుదల నుండి అది డెబియన్‌తో వచ్చుచున్నది. దానికి మనము నాలుగు మాటలు చెప్పనేర్చిన చాలును. ఆప్ట్ అప్‌డేట్ అనిన, భాండారము నుండి క్రొత్త సూచికను తెచ్చుకొనును. ఆప్ట్ సెర్చ్ అని, ప్రక్కన మనకు కావలసిన మాట వ్రాసిన, ఆ మాట యున్న ప్యాకేజీల నెల్ల చూపును. ఆప్ట్ షో అని ప్యాకేజి పేరు వ్రాసిన, దాని వివరణ యంతయు చదివి వినిపించినట్లు తెరమీద నుంచును. ఆప్ట్ ఇన్‌స్టాల్ అనిన, తెచ్చి అమర్చును. మొదటిదానికిని కడపటిదానికిని యంత్రపు యజమాని అనుమతి, అనగా సంకేతపదము, కావలెను. వెదకుటకు ఎవరి అనుమతియు నక్కరలేదు. పిల్లలైనను, పెద్దలైనను, ఎవరైనను వెదకవచ్చును. ఎంత వెదకినను యంత్రమున ఏదియు చెడిపోదు.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ సూచిక మన యంత్రములోనే నిలువయుండును. కావున ఒకసారి సూచికను తెచ్చుకొన్న పిమ్మట, ఇంటర్నెట్టు లేని పల్లెలో కూర్చుండియు వెదకవచ్చును. ఏమేమి కలవో వ్రాసికొని, తరువాత బస్తీకి వచ్చినప్పుడు తెచ్చుకొనవచ్చును. మన మందిరపు యంత్రమున ఆ మూడు నెలలును ఆ సూచిక యున్నది; అందు తెలుగు పేరును ఉన్నది. చదివినవారు లేరు.

ఇక వెదకుటలోని మెలకువ పేరునందున్నది. మనము తెలుగు అని ఒక్క పేరుతో పిలుచుదాని కి కంప్యూటరు లోకమున నాలుగు పేర్లు కలవు. ఇంగ్లీషున పూర్తిగా వ్రాసిన తెలుగు అనునది మొదటిది. భాషలకు రెండక్షరముల గుర్తులు పెట్టినవారు మనకు టి, ఇ అని పెట్టినారు. మూడక్షరముల గుర్తులలో మనది టి, ఇ, ఎల్. భాషకుగాక లిపికి పెట్టిన నాలుగక్షరముల గుర్తులలో మనది టి, ఇ, ఎల్, యు. డెబియన్‌లో అక్షర రూపముల ప్యాకేజి పేరు ఫాంట్స్-తెలు. ఇది లిపి గుర్తుతో నున్నది. అక్షరదోషములను చూపు నిఘంటువు పేరు హన్‌స్పెల్-టిఇ. ఇది రెండక్షరముల గుర్తు. అచ్చుపుటల బొమ్మను చదివి అక్షరములుగా మార్చు సాధనము పేరు టెసరాక్ట్-ఓసిఆర్-టెల్. ఇది మూడక్షరముల గుర్తు. ఫెడోరా అను మరియొక లినక్స్‌లో లోహిత్ అను ఫాంటుకు తెలుగు అను పూర్తి పేరే జోడించినారు. అదే ఫాంటు డెబియన్‌లో ఫాంట్స్-లోహిత్-తెలు అని యుండును.

కన్నడమునకును ఇట్లే కె, ఎన్ అనియు, కె, ఏ, ఎన్ అనియు, కె, ఎన్, డి, ఏ అనియు గుర్తులున్నవి. ఇంట రెండు భాషలును పలుకు మనకు ఈ రెండు వరుసలును కంఠస్థములై యుండవలెను.

మరి చిన్న గుర్తుతో వెదకిన సులభము గదా యనిన, అదియు చిక్కే. గుమాస్తా మాట అర్థమును చూడడు; అక్షరములను మాత్రమే చూచును. మూడక్షరముల టెల్ అను గుర్తుతో వెదకిన, టెలిఫోను, టెల్నెట్, ఇంటెల్ మొదలైన వన్నియు గుంపుగా వచ్చి పడును. వానిలోనను ఆ మూడక్షరములు కలవు గదా. రెండక్షరములతో వెదకిన ఇక చెప్పనక్కరలేదు. అందుచేత మొదట పూర్తి పేరుతో వెదకుట మేలు. ఆప్ట్ పేరునేగాక వివరణను సైతము వెదకును గనుక, ప్యాకేజి పేరున తెలుగు అని లేకున్నను వివరణయందుండిన దొరకును. జాబితా పెద్దదైనచో రెండవ మాటను చేర్చవలెను. ఫాంట్స్ అనియు తెలుగు అనియు రెండు మాటలు వ్రాసిన, రెండును కలిగినవానినే చూపును. పెద్దక్షరము, చిన్నక్షరము అను భేదము వెదకుటలో లేదు.

వివరణ యెంత ముఖ్యమో చూడుడు. కన్నడ ఫాంటులలో గుబ్బి అనునది ఒకటి, నవిలు అనునది ఒకటి. నవిలు చేవ్రాతను పోలిన ఫాంటు. గుబ్బి అనగా పిచ్చుక. నవిలు అనగా నెమలి. ఈ పేర్లు తెలియనివాడు వీనిని ఎట్లు వెదకగలడు? కాని వివరణయందు కన్నడము అను మాట యున్నది గనుక, కన్నడము అని వెదకినవానికి రెండును చిక్కును. లోహిత్ అనగా ఎరుపు. ఎర్రటోపి యను అర్థముగల రెడ్ హ్యాట్ కంపెనీ వెలువరించుటచే దాని కా పేరు వచ్చినది. పేరునుబట్టి అది తెలుగు ఫాంటని ఎవరూహింతురు? తెలుగు అక్షరములను కొట్టుటకు తోడ్పడు ఐబస్-ఎం17ఎన్ పేరు చూడుడు. బహుభాషలకు సిద్ధపరచుట అను అర్థముగల పొడవైన ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరము ఎం, కడపటిది ఎన్. నడుమ 17 అక్షరములు. అదియే ఆ పేరు. దానిలో తెలుగు అను మాట యెచ్చటను లేదు. పేర్లను మాత్రమే వెదకినవానికి మన కీలుపలక దొరకదు.

ఇందుకు విరుద్ధముగా, పేరు కలిసినను వస్తువు వేరై యుండవచ్చును. పూర్వము ఇంగ్లీషువారు తెలుగును జెంటూ అని వ్రాసెడివారు. పాత గ్రంథపట్టికలలో మన పుస్తకములు ఆ పేరుక్రింద నుండును. నేడు లినక్స్‌లలోను జెంటూ అను పేరుగలది యొకటి యున్నది. అది పెంగ్విన్ పక్షులలో ఒక జాతి పేరు. దానికిని మనకును సంబంధము లేదు. కావున దొరకినదెల్ల మనదే యనుకొనక, ఆప్ట్ షో అని వివరణను చదివిన పిమ్మటనే తెచ్చుకొనవలెను.

ఒక్కొక్కప్పుడు ప్యాకేజి పేరు తెలియదు; లోపలి వస్తువు పేరు మాత్రమే తెలియును. పోతన అను తెలుగు ఫాంటు కలదని విన్నాము; అది ఏ పొట్లములో నున్నది? ఇందుకు ఆప్ట్-ఫైల్ అను మరియొక సాధనమును ముందుగా అమర్చుకొని, దాని సూచికను వేరుగ తెచ్చుకొని వెదకవలెను. అది పొట్లముల లోపలి ఫైళ్ళ పేర్లను చూచి, పోతన ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అను ప్యాకేజిలో నున్నదని చెప్పును. వేమన అను ఫాంటును అందే యున్నది. ఇతర లినక్స్‌లను వాడు ఇండ్లవారికి ఒక మాట. ఫెడోరాలో గుమాస్తా పేరు డిఎన్ఎఫ్, ఓపెన్‌సూసేలో జిప్పర్, ఆర్చ్‌లో పాక్‌మన్. పేర్లును ఆజ్ఞలును మారును గాని పద్ధతి ఒక్కటే: సూచికను క్రొత్తది చేసికొనుట, వెదకుట, వివరణ చదువుట, తెచ్చుకొనుట.

ఏదో యొక వెబ్‌సైటు నుండి దొరకిన ఫాంటును దించుకొనిన సరిపోదా యని అడుగువారు కలరు. భాండారపు సూచికకు ముద్ర యుండును. ఆ ముద్ర సరియైనదా కాదా యని గుమాస్తా ప్రతిసారి పరీక్షించును. ఒక ప్యాకేజికి మరియొకటి తోడు కావలసినచో దానినికూడ తానే తెచ్చును. తరువాత దిద్దుబాట్లు వచ్చినప్పుడు అవియు అందును. ఊరు పేరు లేని చోటునుండి తెచ్చిన ఫైలుకు ఈ భద్రత లేదు. కావున మొదట భాండారమున వెదకి, అచ్చట లేదని తేలినప్పుడే ఇతర మార్గములు చూడవలెను.

ఇంత శ్రమ యెందులకు అని యడుగవచ్చును. మన యిండ్ల సంగతి తలచుకొనుడు. 1953 అక్టోబరు 1 వ తేదీన ఆంధ్ర రాష్ట్రమేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోయినవి. బళ్ళారియు తక్కిన తాలూకాలును మైసూరునకు చేరినవి. మన పెద్దలు ఉన్నచోటనే యుండిరి. పిల్లలు కన్నడమున చదివిరి. అది మంచిదే, ఈ నేల భాష రాకున్న బ్రతుకు లేదు. కాని బీరువాలోని తాతగారి పుస్తకములు చదువువారు ఇంటింట తగ్గుచున్నారు. ఈ ఊర ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853-1912), కోలాచలము శ్రీనివాసరావుగారు (1854-1919) తెలుగు నాటకమునకు ప్రాణము పోసిరి. బళ్ళారి రాఘవగారు (1880-1946) దానిని దేశమంతట ఆడి చూపిరి. ఆనాటి అచ్చుప్రతులు ఎవరి యింటనైన నుండినచో, వాని పుటలు నేడు చేతిలో పొడియగుచుండును. ఆ పుటను ఫోటో తీసి టెసరాక్ట్‌నకు ఇచ్చిన, అక్షరములుగా మార్చి యిచ్చును. తప్పులు వచ్చును, మనము దిద్దవలెను. చేవ్రాత దస్తావేజులను అది చదువజాలదు. ఆ పనికి ఇంటి పెద్దలే దిక్కు. అయినను అచ్చుపుస్తకము నొకదానిని నిలుపుకొనిన అది యెంత లాభము! ఆ సాధనము ఉచితముగ భాండారముననే యున్నది. కన్నడమునకును అట్టిదే, టెసరాక్ట్-ఓసిఆర్-కాన్ అను పేర ఉన్నది. రెండింటిని తెచ్చుకొనుడని మా సలహా.

లోకములోని లిపులన్నిటికి సంఖ్య లిచ్చిన యూనికోడ్ పట్టికలో తెలుగునకు 128 స్థానములు కేటాయించినారు. అవి ముగిసిన వెంటనే కన్నడమునకు 128 స్థానములు. ఇరుగుపొరుగులుగా నున్నవి. ఒకటి యమర్చిన రెండవది చెడునను భయము వలదు. మన మందిరపు యంత్రమున నేడు రెండు భాషల అక్షరములును ఒక్క పుటలో నిలుచుచున్నవి.

ఇక లోటును చెప్పక దాచుట తగదు. ఈ ప్యాకేజీల వివరణలు మూలమున ఇంగ్లీషులో వ్రాయబడినవి. తెలుగు అని ఇంగ్లీషు అక్షరములతో వెదకినవానికి ఇన్ని దొరకుచున్నవి. తెలుగు లిపిలో తెలుగు అని వ్రాసి వెదకినవానికి ఏమి దొరకగలదు? వివరణలో లేని మాటను గుమాస్తా చూపజాలడు. డెబియన్‌వారు ఈ వివరణలను ఇతర భాషలలోనికి మార్చుటకు ఒక కార్యక్రమమును నడుపుచున్నారు. తెలిసిన యెవరైనను అందు చేరి అనువాదము పంపవచ్చును. హైదరాబాదులో స్వేచ్ఛ యను సంస్థవారు 2005 నుండి డెబియన్‌ను తెలుగు చేయుటకు పాటుపడినారు. ఆ పని వారిదే, మనది కాదు అని కూర్చుండుట న్యాయము కాదు. రెండు భాషలు ఇంటనే నేర్చిన మన పిల్లలు తెలుగు వివరణలును వ్రాయగలరు, కన్నడ వివరణలును వ్రాయగలరు. అట్టి నేర్పు అన్ని చోట్ల దొరకునది కాదు.

రాజ్యాంగపు 350ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. అది యున్నదని తెలిసి అడిగినవారికి దానివలన ఫలము కలదు. లేదనుకొని కూర్చున్నవారికి లేదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు గదా. కంప్యూటరు విషయమునను అంతే. లేదు అని ఇతరులు చెప్పిన మాటను నమ్మి మూడు నెలలు మన యక్షరములను విడిచితిమి. ఆ తప్పు మాది. మీరు చేయకుడు.

కావున సభవారికి మూడు మనవులు చేసి ముగించెదము. ఒకటి: ప్రతి శనివారము సాయంకాలము మందిరమున ఆ యంత్రము తెరచియుండును. మీ యింటి కంప్యూటరులో ఏమి కావలెనో కాగితముమీద తెలుగున వ్రాసికొని రండు. పిల్లలు వెదకి చూపుదురు. రెండు: ఇంట నున్న పాత అచ్చుపుస్తకము నుండి ఒక్క పుటనైనను ఫోటో తీయించి తెండు. మూడు: కాలేజీ పిల్లలు నెలకు ఒక్క ప్యాకేజి వివరణనైన తెలుగు చేయుదురు గాక. నేడు వారు వ్రాసిన తెలుగు మాటయే రేపు మరియొక ఊర మరియొక అవ్వ మనుమడు తెలుగు లిపిలో వెదకినప్పుడు దొరకవలసిన మాట.

కాగితమును తిప్పి పంపిన ఆ వృద్ధ సభ్యురాలికి ఈ సమావేశపు ఆహ్వానము తెలుగు అక్షరములతో పోయినది. వారు నేడు ముందు వరుసలో కూర్చుండియున్నారు.